ప్రాజెక్ట్ సేవ్ అయింది, శాంపిల్స్ కాలేదు: ఒక లైవ్ బ్యాండ్ శాంప్లర్‌ను సర్దిన కేస్ స్టడీ

"ప్రాజెక్ట్ సేవ్ చేశానన్నా, మళ్లీ ఆన్ చేస్తే సౌండ్ రావట్లేదు." శాంప్లర్ అంటే సౌండ్లు రికార్డ్ చేసుకుని, ప్యాడ్లనే బటన్లు కొట్టి వాయించే మెషీన్; ప్రాజెక్ట్ అంటే అందులో ఒక పాటకు పెట్టుకున్న అమరిక. శాంప్లర్ వాడేవాళ్ల దగ్గర నేను ఎక్కువగా వినే మాట ఇదే. మెషీన్ చెడిపోయిందనుకుని తీసుకొస్తారు, చాలాసార్లు మెషీన్‌కు ఏమీ అయి ఉండదు. మనం సొంతంగా రికార్డ్ చేసుకున్న శాంపిల్ మనకు ఒకే వస్తువులా కనిపిస్తుంది, ప్యాడ్ కొడితే సౌండ్ వస్తుంది, అంతే. లోపల మాత్రం అది నాలుగు ముక్కలు: ర్యామ్‌లో (ఆన్‌లో ఉన్నంతసేపే నిలిచే మెమరీలో) ఉన్న ఆడియో, మెమరీ కార్డు మీద ఉన్న ఫైలు, ఆ ఫైలు ఎక్కడుందో ప్రాజెక్ట్ గుర్తుపెట్టుకున్న చిరునామా, ఇక ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడెక్కడ కోయాలి అనే సెట్టింగులు. చాలా మెషీన్లలో ఇవి విడివిడిగా సేవ్ అవుతాయి. నాలుగూ సేవ్ అయితేనే శాంపిల్ సేవ్ అయినట్టు. ఈ కేసు మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

ఒక లైవ్ బ్యాండ్, అందులో కీబోర్డు వాయించే కుర్రాడి చేతిలోనే శాంప్లర్ కూడా ఉంటుంది. డ్రమ్స్‌కు తోడుగా కొట్టే వన్ షాట్లు (కొడితే ఒక్కసారి పలికి ఆగే సౌండ్లు), నాలుగైదు బార్ల లూపులు (తిరిగి తిరిగి వచ్చే ముక్కలు), గాయని గొంతుతో చేసిన చిన్న ఫ్రేజులు, కొన్ని పాటలకు మొదటి నుంచి చివరిదాకా నడిచే బ్యాకింగ్ ట్రాకులు, అన్నీ అందులోనే. మోడల్ ఏదన్నది ఇక్కడ ముఖ్యం కాదు. చిన్న సౌండ్లు 64 మెగాబైట్ల ర్యామ్‌లోకి లోడ్ అవుతాయి, పొడవాటివి నేరుగా కార్డు నుంచి స్ట్రీమ్ అవుతాయి, ప్రాజెక్టులన్నీ కార్డు మీద ఒక ఉమ్మడి ఆడియో ఫోల్డర్‌ను వాడుకుంటాయి. ఈ పద్ధతి చాలా మెషీన్లలో ఉన్నదే.

అతను ఫోన్ చేసింది రిహార్సల్ మధ్యలో. కంప్లైంట్లు మూడు. కొన్ని పాటల్లో కొన్ని ప్యాడ్లు మూగబోయాయి. ఒకచోట చప్పట్లు రావాల్సిన ప్యాడ్‌లో ఇంకేదో సౌండ్ వస్తోంది. ఒక లూప్ టెంపోకు అందకుండా ఈడుస్తోంది. కార్డు మార్చాలా, ఫర్మ్‌వేర్ మళ్లీ వేయాలా, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాలా అని టెన్షన్‌తో వరసగా అడుగుతున్నాడు. నేను ముందు ఒక్కటే అడిగాను, మెషీన్ ఇప్పుడు ఆన్‌లో ఉందా అని. ఉంది అన్నాడు. "అయితే ఆపకు. వేరే ప్రాజెక్ట్ కూడా ఓపెన్ చేయకు. పొద్దున్నుంచి అందులో కొత్తగా ఏమైనా రికార్డ్ చేశావా?"

చేశాడు. గాయని చేత ఒక ఆలాపన ముక్క రికార్డ్ చేయించి, దాన్ని లూప్ చేసి, దాని మీద పాటే కట్టుకున్నారు. ప్రాజెక్ట్ సేవ్ కూడా కొట్టాడు. కానీ ఆ ఆలాపన ఉన్నది రికార్డింగ్ బఫర్‌లో, అంటే ర్యామ్‌లో. కరెంటు పోయిందా, ఆ రికార్డింగ్ నీటి మీద రాతే. ప్రాజెక్ట్ సేవ్ చేస్తే "ఈ ట్రాక్ బఫర్ 3ని ప్లే చేయాలి" అన్న సంగతి మాత్రం భద్రంగా ఉంటుంది, బఫర్ 3లో ఉన్న ఆడియో ఉండదు. మర్నాడు ఆన్ చేస్తే ట్రాక్ నమ్మకంగా ఖాళీ బఫర్‌ను ప్లే చేస్తుంది. తెర మీద ఎర్రర్ ఉండదు, ఎందుకంటే మెషీన్ లెక్కలో అది తప్పే కాదు.

అందుకే ఫోన్‌లోనే చేయించిన మొదటి పని బఫర్‌ను ఫైలుగా సేవ్ చేయించడం. పేరు అడిగితే ఏదో ఒకటి పెట్టమన్నాను, పేర్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఆ తర్వాత రెండో మెట్టు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు: సేవ్ చేసిన ఫైలును ఒక స్లాట్‌లోకి (ప్రాజెక్ట్‌లో శాంపిల్ పెట్టుకునే నంబరు గడిలోకి) లోడ్ చేసి, ట్రాక్‌ను బఫర్ నుంచి ఆ స్లాట్‌కు మార్చాలి. ఇది చేయకపోతే కార్డు మీద ఫైలు ఉంటుంది, పాట మాత్రం ఇంకా ఖాళీ అవబోయే బఫర్‌నే చూస్తూ ఉంటుంది. కొన్ని మెషీన్లలో సేవ్ చేసి స్లాట్‌కు ఎక్కించే పని రెండూ ఒకే మెనూలో ఉంటాయి, ఎలెక్ట్రాన్ కంపెనీ శాంప్లర్ ఆక్టాట్రాక్‌లో సేవ్ అండ్ అసైన్ అన్నది అదే. అది ఉంటే ఎప్పుడూ అదే వాడాలి. చివర్లో ప్రాజెక్ట్ సేవ్. ఆ తర్వాతే మెషీన్ ఆపమన్నాను.

మిగతా మూగ ప్యాడ్లు

కార్డు నా చేతికొచ్చాక దాని మీద ఏ మార్పూ చేయకముందే మొత్తం కార్డును కంప్యూటర్‌లోకి కాపీ చేసి ఆ కాపీని పక్కన పెట్టేశాను. ఇక ఏం చేసినా రెండో కాపీ మీదే. రిపేరు పేరుతో ఉన్న ఆధారాలు చెరిపేయడం చాలా తేలిక, అలా చెరిగిపోయిన కార్డులు నా దగ్గరికి వచ్చాయి కూడా.

ఈ మెషీన్‌లో ప్రాజెక్ట్ ఫైలు మామూలు టెక్స్ట్ ఫైలే, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. అందులో ఒక్కో స్లాట్‌కు ఒక్కో చిన్న పేరా: స్లాట్ నంబరు, దాని కింద ఫైలు ఉన్న దారి, లౌడ్‌నెస్, టెంపో లాంటివి. ఒక మూగ ప్యాడ్ స్లాట్ నంబరు పట్టుకుని వెతికితే, దారి "ఆడియో" ఫోల్డర్ లోపల "డ్రమ్స్" అనే ఫోల్డర్‌కు వెళుతోంది. కార్డు మీద చూస్తే "డ్రమ్స్" లేదు, "డ్రమ్స్ పాతవి" ఉంది. కుర్రాడిని అడిగితే సంగతి తెలిసింది, కొత్త సౌండ్లు కొని పెట్టుకునేటప్పుడు పాతవి కలిసిపోకుండా కంప్యూటర్‌లో ఫోల్డర్ పేరు మార్చాడట. కంప్యూటర్‌లో అది సర్దుకోవడమే, ప్రాజెక్ట్‌కు మాత్రం ఇల్లు మారి చిరునామా చెప్పకుండా వెళ్లిపోయినట్టు. పేరు మళ్లీ "డ్రమ్స్" అని పెట్టగానే మూగ ప్యాడ్లలో ఎక్కువ భాగం తిరిగి పలికాయి. ఒక్క శాంపిల్ కూడా మళ్లీ లోడ్ చేయాల్సిన పని పడలేదు.

కంప్యూటర్‌లోని మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌కు అలవాటు పడ్డవాళ్లు దీన్ని ఊహించరు, ఎందుకంటే అక్కడ ఫైలు దొరక్కపోతే సాఫ్ట్‌వేర్ ఒక విండో తెరిచి ఎక్కడుందో చూపించమంటుంది, కొన్నయితే డిస్క్ అంతా వెతికి తెచ్చుకుంటాయి. హార్డ్‌వేర్ శాంప్లర్లలో చాలావాటికి అంత తీరిక లేదు. దారి తప్పితే స్లాట్ ఖాళీగా చూపించి ముందుకెళ్లిపోతాయి. అందుకని ఫైళ్లు జరపాలన్నా పేర్లు మార్చాలన్నా ప్రాజెక్టులు తయారయ్యేలోపే చేసుకోవాలి. తర్వాత మార్చక తప్పకపోతే, మెషీన్‌లోనే ఒక్కో ప్రాజెక్ట్ తెరిచి కొత్త చోటు నుంచి మళ్లీ లోడ్ చేసుకోవాలి. టెక్స్ట్ ఫైల్లో దారిని నేరుగా దిద్దడం కూడా కుదురుతుంది, నేను చేస్తుంటాను కూడా, కానీ కాపీ లేకుండా ఆ పని ఎవరికీ చెప్పను.

ఇంకా పలకని ప్యాడ్లు కొన్ని మిగిలాయి. వాటిలో కొన్నిటికి కారణం పాత బఫర్ రికార్డింగులే, ఎప్పుడో రిహార్సల్లో చేసి ఫైలుగా సేవ్ చేయనివి. అవి తిరిగి రావు. ఫైల్ రికవరీ సాఫ్ట్‌వేర్ వాడొచ్చు కదా అని అడిగాడు. కార్డు మీద ఒకసారి రాసి చెరిపిన ఫైలైతే ఆ ప్రయత్నానికి అర్థం ఉంది, అసలు కార్డుకే చేరనిదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. వినడానికి కష్టంగానే ఉంటుంది కానీ తప్పుడు ఆశ పెట్టి రెండు రోజులు తిప్పడం కంటే ఇదే నయం.

చివరిగా మిగిలిన కొన్ని ప్యాడ్ల కథ వేరు, దానికి కంప్యూటర్‌లో "అనవసరం" అనిపించినవి చెరిపేయడం కారణం. ఒక ప్రాజెక్ట్ తెరిచి, అందులో వాడనివేవో చూసి, చోటు కోసం వాటిని ఉమ్మడి ఫోల్డర్ నుంచి తీసేశాడు. ఆ ప్రాజెక్ట్‌కు అవి అక్కర్లేదు నిజమే, పక్క ప్రాజెక్ట్‌కు కావాలి. మెషీన్ మెనూల్లో "వాడనివి తీసేయి" అని కనిపిస్తే అది ఈ ప్రాజెక్ట్‌లో వాడనివని అర్థం, అది కూడా చాలా మెషీన్లలో స్లాట్ల జాబితా నుంచే తీస్తుంది, కార్డు మీద ఫైలు జోలికి పోదు. కంప్యూటర్‌లో మనం చేత్తో చెరిపితే ఆ రక్షణ లేదు. ఈసారి అదృష్టం, చెరిపినవి కొనుక్కున్న సౌండ్లే, అతని ల్యాప్‌టాప్‌లో ఒరిజినల్ ఉంది.

చప్పట్లకు బదులు ఇంకేదో

రెండో కంప్లైంట్‌కు సమాధానం ఫైలు పేరులోనే దొరికింది. మెషీన్ రికార్డింగులకు తనంతట తానే రికార్డ్ 001, రికార్డ్ 002 అని పేర్లు పెట్టుకుంటూ పోతుంది. ఇతని దగ్గర ఒకప్పుడు రెండు కార్డులు ఉండేవి, రెండింటిలోనూ లెక్క 001 నుంచే మొదలైంది. రెండింటినీ ఒక పెద్ద కార్డులోకి కలిపేటప్పుడు కంప్యూటర్ అడిగింది, ఇదే పేరుతో ఫైలుంది, దాని స్థానంలో కొత్తది పెట్టనా అని. పెట్టమన్నాడు. చిరునామా సరిగ్గానే ఉంది, ఆ ఇంట్లో ఉన్నది వేరే సౌండ్. మూగ ప్యాడ్ కంటే ఇది ప్రమాదకరం, ఎందుకంటే మూగ ప్యాడ్ సౌండ్ చెక్‌లో దొరికిపోతుంది, తప్పు సౌండ్ మాత్రం పాట మధ్యలో ఆ ప్యాడ్ కొట్టేదాకా దొరకదు. పాత కార్డు ఒకటి ఇంకా అతని బ్యాగులో ఉండటంతో అసలు చప్పట్లు తెచ్చుకోగలిగాం.

అందుకే పేర్లు పెట్టే విషయంలో నేను మొండిగా ఉంటాను. మెషీన్ ఇచ్చిన పేరుతో ఏ ఫైలూ రిహార్సల్ దాటి బతకకూడదు. శాంప్లర్ తెర చిన్నది, పొడుగు పేరు పెడితే చివర్లు తెగిపోతాయి, కాబట్టి వెతికేటప్పుడు ఏది ముందు కావాలో అదే పేరులో ముందుండాలి. మేం అనుకున్న వరస ఇది: ముందు సౌండ్ రకం, తర్వాత దాని స్వభావం ఒక్క మాటలో, లూప్ అయితే టెంపో, స్వరం ఉన్నదైతే శ్రుతి, చివర్లో రెండంకెల నంబరు. కిక్_పొడి_01. లూప్_షేకర్_120_02. గొంతు_ఆలాప్_ఏమైనర్_01. ఒకటికి బదులు సున్నా ఒకటి ఎందుకంటే చాలా మెషీన్లు అక్షర క్రమంలో పేరుస్తాయి, సున్నా లేకపోతే 1 తర్వాత 10 వచ్చి కూర్చుంటుంది, 2 ఎక్కడో కిందకు పోతుంది. అసలు ఫైళ్లలో పేర్లు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోరు దాటి పోకూడదు, వేరే గుర్తులు కొన్ని మెషీన్లు చదవలేవు.

పాట పేరు ఫైలు పేరులో పెట్టొద్దన్నాను. దీని మీద మాకు కాస్త వాదన జరిగింది. "అన్నా, నేను పాటను బట్టే వెతుకుతాను కదా" అన్నాడు. పాట కోసం ప్రాజెక్ట్ ఉంది, శాంపిల్ ఏ పాటదో అది చెబుతుంది. ఈ రోజు ఒక పాటకు చేసిన షేకర్ లూప్ రేపు ఇంకో పాటలో వాడతాం, అప్పుడు పేరులో ఉన్న పాట అబద్ధమవుతుంది. చివరికి ఒక మినహాయింపుకు ఒప్పుకున్నాను: ఆ పాటలో తప్ప ఎక్కడా పనికిరాని గొంతు ఫ్రేజులకు, బ్యాకింగ్ ట్రాకులకు పాట పొట్టి పేరు ముందు పెట్టుకోవచ్చు. అతను చెప్పినదాంట్లో అంతవరకు న్యాయం ఉంది.

ఈడుస్తున్న లూప్

నాకు ఈ కేసులో అన్నిటికంటే నచ్చిన భాగం ఇది. పాట 120 బీపీఎం, అంటే నిమిషానికి 120 బీట్లు. లూప్ 120కే చేసినట్టు పేరులో ఉంది, ల్యాప్‌టాప్‌లో ప్లే చేస్తే కచ్చితంగా 120. శాంప్లర్‌లో మాత్రం వెనకబడుతోంది, పైగా సౌండ్ కొంచెం లావుగా, కిందికి దిగినట్టు వినిపిస్తోంది. టైమ్ స్ట్రెచ్ (పాట టెంపోకు తగ్గట్టు లూప్‌ను సాగదీసే సెట్టింగు) ఆపేసి ఫైలును ఉన్నదున్నట్టు ప్లే చేయించి, ట్యాప్ చేస్తూ టెంపో కొలిస్తే 110 దగ్గర వచ్చింది. ఆ అంకె కనిపించగానే ఇక వెతకాల్సిన పని లేదు. 120ని 44.1తో గుణించి 48తో భాగిస్తే 110.25. ఫైలు 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డ్ అయింది, మెషీన్ దాన్ని 44.1 అనుకుని ప్లే చేస్తోంది. సెకనుకు 48,000 ముక్కలు ఉన్న ఆడియోను సెకనుకు 44,100 చొప్పున చదివితే నెమ్మదించక ఏం చేస్తుంది? శ్రుతి కూడా దాదాపు ఒకటిన్నర సెమీటోన్ పడిపోతుంది. శ్రుతి, టెంపో రెండూ కలిసి ఈ లెక్కలో తేడా వచ్చాయంటే కారణం శాంపిల్ రేటే, మెషీన్ క్లాకు కాదు.

ల్యాప్‌టాప్‌లో బాగానే వినిపించడానికి కారణం అక్కడి ప్లేయర్ ఫైల్ హెడర్ (ఫైలు మొదట్లో రేటు రాసి ఉండే భాగం) చదివి లోలోపలే రేటు మార్చేసి వినిపిస్తుంది. ఆ లూప్ ఎక్కడిదని అడిగితే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేశానన్నాడు. వీడియో లోకంలో 48 కిలోహెర్ట్జే వాడుక, అందుకే ఫోన్ వీడియోల నుంచి, కెమెరాల నుంచి తీసిన ఆడియోతో ఈ తంటా తరచూ వస్తుంది. మెషీన్‌ను బట్టి కావాల్సిన రేటు మారుతుంది: రోలాండ్ ఎస్‌పీ-404 ఎంకే2, ఎలెక్ట్రాన్ డిజిటాక్ట్ 48 కిలోహెర్ట్జ్‌లో పనిచేస్తాయి, ఆక్టాట్రాక్ 44.1. కొన్ని లోడ్ చేసేటప్పుడే మార్చేసుకుంటాయి, కొన్ని మార్చవు. మాన్యువల్‌లో ఆ ఒక్క పేజీ ముందు చదివి, ఫైళ్లన్నీ కార్డు ఎక్కేలోపు కంప్యూటర్‌లో ఆ రేటుకు మార్చుకోవాలి. ఆడియో ఎడిటర్‌లో రీశాంపిల్ అన్న కమాండ్‌తో చేయాలి. హెడర్‌లో రేటు మాత్రం మార్చే ఆప్షన్ వేరే ఉంటుంది, అది నొక్కితే ఈడుపు ఫైల్లోనే శాశ్వతంగా ఉండిపోతుంది.

ఎంపీ3 నుంచి చేసిన లూపులు కూడా కొన్ని దొరికాయి. ఎంపీ3గా మార్చేటప్పుడు ఫైలు మొదట్లో కొంచెం నిశ్శబ్దం చేరుతుంది, దాన్ని మళ్లీ వేవ్ (కుదించని ఆడియో) ఫైలుగా చేసినా ఆ నిశ్శబ్దం ఉండిపోవచ్చు, లూప్ తిరిగిన ప్రతిసారీ చిన్న కుదుపు. జూమ్ చేసి మొదటి దెబ్బ దాకా కోసేసి, చివర టెంపో లెక్కకు సరిచేశాం. బార్‌కు నాలుగు బీట్ల చొప్పున 120 బీపీఎంలో నాలుగు బార్లంటే 8 సెకన్లు, 44.1లో 3,52,800 శాంపిళ్లు (ఇక్కడ శాంపిల్ అంటే పైన చెప్పిన, సెకనుకు 44,100 వచ్చే చిన్న ముక్క). లూప్ పొడవు కంటితో కాకుండా ఈ అంకెతో కోస్తే పాట ఎంతసేపు నడిచినా జరగదు.

చోటు సంగతి

ర్యామ్ నిండిపోతోందని కూడా అన్నాడు, కంప్లైంట్‌లా కాదు, మామూలుగా. తెరిచి చూస్తే కిక్కులు (పెద్ద డ్రమ్ దెబ్బలు) కూడా 24 బిట్ స్టీరియోలో ఉన్నాయి, ఒక్కోదాని వెనక రెండేసి సెకన్ల నిశ్శబ్దం. లెక్క తేలికే. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ మోనోకు సెకనుకు 88,200 బైట్లు. స్టీరియో అయితే రెట్టింపు. స్టీరియోతో పాటు 24 బిట్ కూడా అయితే 2,64,600, అంటే మూడు రెట్లు. 64 మెగాబైట్లలో మొదటి రకం 12 నిమిషాల పైచిలుకు పడితే మూడో రకం నాలుగు నిమిషాలకే నిండిపోతుంది. నాలుగు నిమిషాల బ్యాకింగ్ ట్రాక్ 16 బిట్ స్టీరియోలో ఉన్నా ఒక్కటే 42 మెగాబైట్లు తినేస్తుంది, ఇంకొకటి ఎక్కించడానికి చోటే ఉండదు, అలాంటివి ర్యామ్‌లోకి రానివ్వకుండా కార్డు నుంచే స్ట్రీమ్ చేయించాలి.

మోనో చేయడంలో ఒక జాగ్రత్త ఉంది. కిక్, స్నేర్, గొంతు ముక్కలు చాలావరకు ఏ నష్టం లేకుండా మోనో అవుతాయి. వెడల్పు కోసం ఎఫెక్ట్ వేసిన చప్పట్లు, వెనక పరుచుకుని సాగే కీబోర్డు సౌండ్లు (వీటినీ ప్యాడ్లే అంటారు) అలా కాదు, ఎడమ కుడి కలిపితే ఒకదాన్నొకటి రద్దు చేసుకుని పల్చబడిపోతాయి. ఒక చప్పట్ల శాంపిల్ మోనో చేయగానే దాదాపు మాయమైంది. అలాంటప్పుడు రెండు చానెళ్లు కలపకుండా ఎడమదాన్ని మాత్రం తీసుకుంటే సరిపోతుంది. గుడ్డిగా ఫోల్డర్ మొత్తాన్ని బ్యాచ్‌లో మార్చేయకుండా ప్రతిదీ విని మార్చమనేది అందుకే. ఇందులో ఓపిక పడుతుంది, దానికి దగ్గరి దారి నాకు కనబడలేదు.

ఈ లెక్కలు కొత్తవి కావు. ఈ-మ్యూ కంపెనీ శాంప్లర్ ఎస్‌పీ-1200 వచ్చిన 1987లో దాని మొత్తం శాంప్లింగ్ సమయం 10 సెకన్లు, 12 బిట్, 26.04 కిలోహెర్ట్జ్. నిమిషానికి 33 తిరుగుళ్ల గ్రామఫోన్ రికార్డును 45లో వేగంగా తిప్పి శాంపిల్ చేసి, మెషీన్‌లో పిచ్ కిందికి దించి వాయించేవారు, ఆ నాలుగు క్షణాలు మిగుల్చుకోవడానికి. ఆ గరుకు సౌండే తర్వాత హిప్ హాప్‌లో ఒక ముద్రగా నిలిచింది. ఫ్లాపీ రోజుల్లో 1.44 మెగాబైట్ల డిస్కులో 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ మోనో ఆడియో 17 సెకన్లు కూడా పట్టదు. వాళ్లు ఏది ఉంచాలో ముందే తేల్చుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు 32 జీబీ కార్డులో ఏదీ చెరపక్కర్లేదు, అందుకే ఏదీ దొరకదు. ఇతని కార్డు మీద ఒకే స్నేర్ వేర్వేరు పేర్లతో ఎన్నో ఫోల్డర్లలో ఉంది.

ఉమ్మడి ఫోల్డరా, ప్రాజెక్ట్‌కు సొంత కాపీనా

ఇది నిజంగా ఆలోచించాల్సిన ప్రశ్న, మెషీన్లు దీనికి తలో రకంగా జవాబిచ్చాయి. ఎస్‌పీ-404 ఎంకే2లో ఒక్కో ప్రాజెక్ట్‌లో పది బ్యాంకులు, ఒక్కో బ్యాంకులో పదహారు ప్యాడ్లు, మొత్తం 160 శాంపిల్స్, అవి ఆ ప్రాజెక్ట్‌వే. అకాయ్ ఎంపీసీలు ప్రాజెక్ట్ సేవ్ చేస్తే పక్కనే ప్రాజెక్ట్ డేటా ఫోల్డర్ పెట్టి అందులో శాంపిల్స్ కూడా ఉంచుతాయి. మొదటి తరం డిజిటాక్ట్‌లో శాంపిల్స్ లోపలి 1 జీబీ డ్రైవ్‌లో ఉమ్మడిగా ఉంటాయి, ప్రాజెక్ట్ వాటిలోంచి 64 మెగాబైట్ల మేర తెచ్చుకుంటుంది. ఉమ్మడిగా ఉంటే చోటు కలిసొస్తుంది, ఒక కిక్ బాగుచేస్తే అన్ని పాటల్లోనూ బాగుపడుతుంది. అదే కిక్ చెడగొడితే అన్ని పాటల్లోనూ చెడుతుంది. సొంత కాపీ అయితే చోటు ఎక్కువ తింటుంది, కానీ ఆ ఫోల్డర్ ఒక్కటీ ఎత్తుకెళ్లి ఇంకో కార్డులో పెడితే పాట పాటలా పలుకుతుంది.

నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. పాట కడుతున్నన్ని రోజులు ఉమ్మడి ఫోల్డర్‌లో పనిచేయండి. పాట స్టేజీకి ఎక్కుతోందని తేలగానే ఆ ప్రాజెక్ట్ వాడుతున్న శాంపిల్స్ అన్నీ దాని సొంత ఫోల్డర్‌లోకి తెచ్చేయండి, ఆక్టాట్రాక్‌లో కలెక్ట్ శాంపిల్స్ అని దీనికి మెనూనే ఉంది, లేని మెషీన్లలో చేత్తో చేయాలి. కార్డులో చోటు సమస్య కాదు. షో మధ్యలో మూగ ప్యాడ్ సమస్య. ఇతని సెట్‌లో ఉన్న ప్రతి పాటకూ ఇదే చేశాం, ఆ తర్వాత ఉమ్మడి ఫోల్డర్‌లో అతను ఏం సర్దుకున్నా స్టేజీ పాటలకు తగలదు.

ఇది చేస్తున్నప్పుడే స్లైసుల సంగతి బయటపడింది. ఒక డ్రమ్ లూప్‌ను పదహారు ముక్కలుగా కోసి వాయిస్తున్నాడు. వేవ్ ఫైలును కొత్త చోటికి కాపీ చేసి లోడ్ చేస్తే ముక్కలు లేవు, మొత్తం లూప్ ఒకే దెబ్బలో వస్తోంది. కోత గుర్తులు వేవ్ ఫైల్లో కాకుండా, దాని పక్కనే అదే పేరుతో ఇంకో ఎక్స్‌టెన్షన్ ఉన్న చిన్న ఫైల్లో ఉన్నాయి. రెండూ కలిసి ప్రయాణం చేయాలి, ఒకదాని పేరు మారిస్తే రెండోదాని పేరూ మార్చాలి. వేరే మెషీన్లలో ఈ గుర్తులు ప్రాజెక్ట్‌లోనో, ప్రోగ్రామ్ ఫైల్లోనో, వేవ్ లోపలే ఒక విభాగంలోనో ఉండొచ్చు. మీ మెషీన్‌లో ఎక్కడుంటాయో తెలుసుకోవాలంటే ఒక పనికిరాని లూప్‌ను కోసి, సేవ్ చేసి, ఫైలును వేరే ప్రాజెక్ట్‌లో లోడ్ చేసి చూడండి, ముక్కలతో వచ్చిందా లేదా అన్నది వెంటనే తెలిసిపోతుంది. మెషీన్ మార్చే ఆలోచన ఉంటే మాత్రం గుర్తుల మీద ఆధారపడకండి, ఒక్కో ముక్కనూ విడి వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. వేవ్ ఎక్కడైనా తెరుచుకుంటుంది.

కార్డు విషయంలో ఎక్కువ చెప్పాల్సింది లేదు. మెషీన్‌లోనే ఫార్మాట్ చేయండి, ఎక్స్‌ఫ్యాట్ (పెద్ద కార్డులకు వాడే ఫార్మాట్) చదవలేని పాత మెషీన్లు చాలా ఉన్నాయి. రాసే సమయంలో తీయకండి. మ్యాక్‌లో పెట్టిన కార్డు మీద చుక్క, అండర్‌స్కోరుతో మొదలయ్యే చిన్న చిన్న ఫైళ్లు చేరతాయి, కొన్ని శాంప్లర్లు వాటిని కూడా శాంపిల్స్ అనుకుని జాబితాలో చూపిస్తాయి, తీసేయొచ్చు.

ఇప్పుడు ఎలా నడుస్తోంది

బ్యాకప్ మూడు చోట్ల. ల్యాప్‌టాప్‌లో "ఒరిజినల్స్" అనే ఫోల్డర్, రికార్డ్ అయిన ఆడియో అయినట్టే, కోయకుండా, రేటు మార్చకుండా అందులోకి వెళుతుంది, దాన్ని ఎవరూ ఎడిట్ చేయరు. ప్రతి షోకు ముందు మొత్తం కార్డు కాపీ, తేదీ పేరుతో, బయటి డ్రైవ్‌లో. మూడోది జేబులో ఉండే రెండో కార్డు. ఒక్క వేవ్ ఫైళ్లు మాత్రం కాకుండా ప్రాజెక్టులు, సెట్టింగుల ఫైళ్లతో సహా కార్డు మొత్తం కాపీ చేయాలి, ఎందుకంటే ఆడియో మిగిలి ప్రాజెక్ట్ పోతే, ఏ ప్యాడ్‌లో ఏది ఉందో, ఏ లెవెల్‌లో ఉందో గుర్తుచేసుకుని పేర్చడం కొత్తగా చేయడం కంటే పెద్ద పని.

రికార్డింగ్ అలవాటు కూడా మారింది. రిహార్సల్లో ఏదైనా శాంపిల్ చేస్తే, అది నచ్చి రెండోసారి వాయించారంటే వెంటనే ఆపి ఫైలుగా సేవ్ చేస్తారు, స్లాట్‌కు ఎక్కిస్తారు, కోతలు ఉంటే వాటినీ సేవ్ చేస్తారు, అప్పుడు ప్రాజెక్ట్. మొదట్లో ఇది ఊపు చెడగొడుతోందని గిటారిస్టు విసుక్కున్నాడట. గాయని మాత్రం పట్టుబట్టింది, పోయిన రికార్డింగుల్లో ఎక్కువ ఆమె గొంతే కదా. పేర్ల విషయంలో కుర్రాడు ఇప్పటికీ అప్పుడప్పుడు బద్ధకిస్తాడు, అలాంటి ఫైళ్లకు "చూడాలి" అనే ఫోల్డర్ ఒకటి పెట్టాం, అందులో ఉన్న ఏ ఫైలునూ స్టేజీ ప్రాజెక్ట్‌లోకి తేకూడదన్నది నియమం.

పోయినవి కొన్ని పోయాయి. వాటిలో ఒక ఫ్రేజును, ఎవరో ఫోన్‌లో తీసిన షో వీడియోలో గొంతు ఒక్కటే వినిపించే చోటు దొరికితే అక్కడి నుంచి కోసుకున్నాం. నాణ్యత తక్కువే, హాలు ప్రతిధ్వని కూడా వచ్చింది, అయినా పాటలో ఒదిగింది. ఇంకోదాన్ని గాయని మళ్లీ పాడింది. మిగతావి లేకుండానే ఆ పాటలు వాయిస్తున్నారు.

మెషీన్ అప్పగించే ముందు చివరి పరీక్ష అతనితోనే చేయించాను. శాంప్లర్ పూర్తిగా ఆపి, అసలు కార్డు తీసేసి, రెండో కార్డు పెట్టి ఆన్ చేయడం. సెట్ వరసలో ఒక్కో ప్రాజెక్ట్ తెరిచి ప్రతి ప్యాడ్ కొట్టడం, లూపులను మెట్రోనోమ్‌తో కనీసం రెండు నిమిషాలు తిప్పడం, బ్యాకింగ్ ట్రాకులు చివరిదాకా వినడం. ఒక పాటలో షేకర్ లూప్ రాలేదు, రెండో కార్డు కాపీ చేశాక ఆ ఒక్క ప్రాజెక్ట్‌ను అసలు కార్డులో మళ్లీ మార్చాడట. మళ్లీ కాపీ చేసి, ఆ పాట నుంచి కాకుండా మొదటి పాట నుంచి పరీక్ష మళ్లీ మొదలుపెట్టించాను.